అరగంట మంత్రం

బాపట్లలోని ఆ ఇంజినీరింగు కాలేజీ హాలులో నలభై బల్లలు వేశారు. ఒక్కొక్క బల్ల చుట్టూ ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య లాప్‌టాప్‌లు, పేపరు ప్లేట్లలో చల్లారిన ఉప్మా. సమాజానికి పనికివచ్చే సాధనమేదైనా రెండు రోజుల్లో కంప్యూటరు మీద తయారుచేసి చూపించాలి. మహిళల హ్యాకథాన్ అంటే అదేనట. మైకు పట్టుకున్న అమ్మాయి గంటకొకసారి "ఎనర్జీ ఎక్కడుంది?" అని అరిచినప్పుడల్లా, అరవై మూడేళ్ళ భువనేశ్వరి మోకాలు నిమురుకుంటూ అదే ప్రశ్న తానూ వేసుకుంటున్నది.

ఆమె తెనాలిలో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళు తిరిగి, పాముకాటుకు మంత్రం పనిచేయదని గొంతు పోయేలా చెప్పింది. విన్నవాళ్ళు మర్యాదగా కాఫీ ఇచ్చి పంపారు. పాత శిష్యురాలు జెన్నిఫర్ వచ్చి, "పాముల సంగతి తెలిసినవాళ్ళు మీరే మేడం, రానంటే కుదరదు" అని పట్టుబట్టడంతో కదిలింది గాని, లోకం మారుతుందన్న భ్రమ ఆమెకు ఏనాడో వదిలిపోయింది.

జెన్నిఫర్ తయారుచేసిన యాప్‌లో ఒక ఎర్ర బొత్తాం ఉంది. అది నొక్కి ఊరి పేరు ఎంచుకుంటే అంబులెన్సుకు కబురు వెళుతుంది. విరుగుడు ఇంజెక్షను ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో తెర మీద కనిపిస్తుంది.

"ఎలా ఉందక్కా?" అని అడిగింది జెన్నిఫర్, జట్టులోని మూడో మనిషిని. ఆమె పేరు కుమారి. రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డునున్న లంక ఊళ్ళో ఆశా కార్యకర్త.

"బాగానే ఉందమ్మా. కానీ ఎవరూ నొక్కరు."

"అదేంటక్కా!"

"పాము కరిస్తే మా ఊళ్ళో మొదటి ఫోను వీరాస్వామి తాతకే. ఆయన ఫోన్లోనే మంత్రం వేస్తాడు. మేం ఆదివారం చర్చికెళ్ళేవాళ్ళమే, ప్రార్థన చేసుకునేవాళ్ళమే. పాము దగ్గర మాత్రం అందరికీ ఆయనే." కుమారి గొంతు తగ్గించింది. "పోయిన నాట్లప్పుడు మా తోడికోడలికి కట్లపాము తగిలింది. నేను పొలం నుంచి వచ్చేసరికి రెండు గంటలైపోయింది. మంత్రం వేశారు కదాని కూర్చున్నారు మేడం, అంతా. ఆవిడ దక్కలేదు."

భువనేశ్వరికి వీరాస్వామి కొత్త కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఒక సభలో ఇద్దరూ ఎదురుపడ్డారు. కరిచిన పాముల్లో పదింట ఏడింటికి విషం ఉండదనీ, ఉన్నా ఎక్కదనీ, అవి కరిచిన ఏడుగురూ ఎవరేం చేయకపోయినా బతుకుతారనీ ఆమె లెక్క చెప్పింది. జనం లెక్క విని, ఆయనకు దండం పెట్టారు.

"అయితే బొత్తాం ఆయన ఫోన్లోనే పెడదాం మేడం," అన్నది జెన్నిఫర్. "ఆయన నొక్కితే చాలు కదా!"

"అంటే ఆయన్ని మనమే వైద్యుణ్ణి చేస్తామన్న మాట. నేను బతికుండగా జరగదు."

"మా తోడికోడలు బతికేదండి," అన్నది కుమారి, ఉప్మా ప్లేటు మడుస్తూ.

భువనేశ్వరి వీరాస్వామి నంబరు అడిగి తీసుకొని ఫోను చేసింది.

"ఓహో, పంతులమ్మా!" అవతల వీరాస్వామి గొంతు వణికింది, డెబ్బై ఎనిమిదేళ్ళ గొంతు. "మళ్ళీ సభేమన్నా పెట్టారా?"

"లేదండి. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. కట్లపాముకు మీ మంత్రం పనిచేస్తుందా?"

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"చెయ్యదమ్మా. నాకు తెలీదా?"

"మరి ఆ మాట చెప్పరేం?"

"చెబితే ఫోను పెట్టేసి ఇంకోడికి చేస్తారు. వాడు బ్లేడుతో కోయమంటాడు."

ఈ జవాబు ఆమె ఎదురుచూసినది కాదు. కుర్చీలో వెనక్కి వాలి, మంత్రం వేసేటప్పుడు మనిషిని ఏం చేయమంటారని అడిగింది. వెల్లకిలా పడుకోబెట్టి, కదలకూడదు, మాట్లాడకూడదు, కాలు కింద పెట్టకూడదు అంటానని చెప్పాడు. విషం ఒంట్లో త్వరగా పాకకుండా ఆమె ముప్పై ఏళ్ళుగా చెబుతున్నదీ అదే. ఆమెకు చిరాకు వేసింది.

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు."

"మీ లంకకు అంబులెన్సు రావడానికి ఎంత పడుతుంది?"

"అరగంట."

"అయితే మంత్రాన్ని అరగంటకు పొడిగించండి. ముందు బొత్తాం నొక్కి, తరువాతే మొదలుపెట్టాలి. బండి వచ్చాక, మిగతా మంత్రం ఇంజెక్షనులో ఉందనండి."

"మీరా ఈ మాటనేది!" అని నవ్వాడు ముసలాయన. "మరి గుడ్డ బిగించి కట్టిస్తానమ్మా నేను. కట్టు లేకపోతే నమ్మరు."

"వేలు దూరేంత వదులుగా కట్టించండి."

జెన్నిఫర్ లింకు పంపింది. ఆయన మనవరాలు దాన్ని ఫోనులోకి ఎక్కించి, ఎలా నొక్కాలో నేర్పింది.

మరునాడు వేదిక మీద అయిదు నిమిషాలు మాట్లాడారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్ళద్దాలు సవరించుకొని, "మేడం, ఇది మూఢనమ్మకాన్ని ప్రోత్సహించడం కాదా?" అన్నాడు.

"అవునండి," అన్నది భువనేశ్వరి. "కొంతవరకు అవును."

హాలులో ఎవరో నవ్వారు. బహుమతి మిద్దెతోటల యాప్‌కు పోయింది.

సాయంత్రం ముగ్గురూ బాపట్ల స్టేషనులో తెనాలి బండి కోసం కూర్చున్నారు. జెన్నిఫర్ లాప్‌టాప్ ఒడిలో పెట్టుకొని ఓటమిని తవ్వుకుంటున్నది. "కాదు అనుంటే సరిపోయేది మేడం."

ఉన్నట్టుండి తెర మీద ఎర్ర చుక్క వెలిగింది. లంక ఊరు. వీరాస్వామి బొత్తాం నొక్కాడన్నమాట. వెనువెంటనే జెన్నిఫర్ ఆసుపత్రికి కూడా ఫోను చేసి, మనిషి వస్తున్నాడని చెప్పింది. పది నిమిషాల తరువాత భువనేశ్వరి ఫోను మోగింది.

"మంత్రంలో మాటలైపోయాయమ్మా," వీరాస్వామి రొప్పుతున్నాడు. "ఇది మనవరాలి ఫోను. నా ఫోన్లో కాటు పడ్డోడి ఇంటివాళ్ళున్నారు. కుర్రాడు బాగానే ఉన్నానని లేస్తున్నాడంట. అన్నదే మళ్ళీ అంటే పట్టేస్తారు. ఏదో ఒకటి చెప్పండి, మీరంటుంటే నేనంటాను."

"నాకు మంత్రాలు రావండి!"

"మేడం," కుమారి ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నది. "ఏదైనా చెప్పండి. లేచి నడుస్తాడు."

భువనేశ్వరి కళ్ళు మూసుకున్నది. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద వ్రాసిన పాముల లాటిన్ పేర్లే నోటికి వచ్చాయి.

"నాజా నాజా."

"నాజా నాజా," అన్నది అవతలి గొంతు, గంభీరంగా.

"బంగారస్ సెరూలియస్."

"బంగారసు సెరూలియసూ…"

రక్తపింజర పేరు, నీరుకట్టె పేరు, జెర్రిగొడ్డు పేరు. పాములు అయిపోతే కప్పలు, కప్పలు అయిపోతే చేపలు. గూడ్సు బండి దడదడా పోతుంటే చెవి మూసుకొని అరిచింది. బెంచీ మీది వాళ్ళు లేచి దూరంగా జరిగారు. గొంతు బొంగురుపోయింది. ఇరవై రెండో నిమిషంలో కాబోలు, అవతల వల్లె వేయడం ఆగింది.

"బండొచ్చిందమ్మా. ఎక్కించారు. కదల్లేదు, పిచ్చినాయన."

కుమారి పైట నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. కరిచినదేమిటో ఎవరూ చూడలేదు. పదింట ఏడు పాళ్ళు ఏ నీరుకట్టో అయి ఉంటుంది; రేపు ఆ పిల్లవాడు నవ్వుతూ ఇంటికొస్తే పేరంతా మంత్రానికే పోతుంది. విషప్పామే అయితే మాత్రం మందు దగ్గరకు వేళకు బయలుదేరినట్టే. ఈ లెక్క వేసుకోవడానికి కూడా ఓపిక లేక భువనేశ్వరి నీళ్ళ సీసా కోసం చెయ్యి చాచింది.

"అమ్మా," వీరాస్వామి ఇంకా ఫోనులోనే ఉన్నాడు. "మంచి మంత్రమమ్మా అది. రాసి పంపించండి. ముందు ఓం అని పెట్టండి."

"పేర్లు వ్రాస్తాను," అన్నది భువనేశ్వరి, సంచిలో కలం వెతుక్కుంటూ. "అది మీరే కలుపుకోండి."