నా చోట ఎవరున్నారు

"వచ్చినవాళ్లకి తలుపు తియ్యడమేగా నీ పని! దానికింత హడావిడి దేనికి టోవె?" అన్నాడు మొగుడు ఫ్లెమింగ్, నల్లరొట్టె మీద వెన్న పూసుకుంటూ.

తలుపంటే ఇంటి తలుపు కాదు. ఇక కోలుకోని మనుషులకు నొప్పి తెలియకుండా చూసుకునే హాస్పిస్‌ల వాళ్లంతా దేశదేశాల నుంచి కంప్యూటర్ తెర మీద కలుసుకునే సదస్సు ఆ మధ్యాహ్నం. వచ్చినవాళ్లను లోపలికి రానివ్వడం, మైకులు ఆపడం, అవసరమైతే ఎవరినైనా బయటికి పంపడం టోవె చేతిలో ఉంటాయి. అసలు ఆ సదస్సుకు పురుడు పోసిందే తను. కరోనా మొదటి వసంతంలో తమ ఊరు స్వెన్‌బోర్‌లోని హాస్పిస్‌లోకి చుట్టాలను రానివ్వక, కూతుళ్లు కిటికీ బయట నిలబడి తల్లులను సాగనంపిన రోజుల్లో, నర్సు టోవెకు ఇంట్లో ఏడవడానికి తీరిక దొరకలేదు. ఈ వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, ఎప్పుడో శిక్షణలో పరిచయమైన జాంబియా ముటిన్తాకు, జార్జియా నాతెలాకు ఫోన్లు చేసింది. "నువ్విక్కడ కూర్చున్నావు సరే, నీ చోట ఎవరున్నారు?" అని ఆ రోజు ముటిన్తా అడిగింది. అప్పటినుంచి ఏ సమావేశమైనా ఆ ప్రశ్నతోనే మొదలు. రోగి దగ్గర తమ బదులు ఎవరు కూర్చున్నారో ఒక్కొక్కరూ పేరు పెట్టి చెప్పాలి. టోవె వంతు వచ్చినప్పుడల్లా, "మా అత్తగారి గది పక్కనే, పిలిస్తే వినబడుతుంది" అని నవ్వేసేది.

అత్తగారు ఎస్తర్ ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా మంచంలోనే ఉంది. కఫం అడ్డుపడితే ఎవరో ఒకరు లేపి కూర్చోబెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ టోవెనే. కొన్నాళ్లు హాస్పిస్‌లో ఉంచుదామంటే, "నర్సువి నువ్వు ఇంట్లో ఉండగానా? నలుగురూ ఏమనుకుంటారు!" అన్నాడు ఫ్లెమింగ్. ఆడపడుచు ఊల్ల అయితే, "నీకు అలవాటే కదా వదినా" అని పువ్వుల గుత్తి పంపి చేతులు దులుపుకుంది. ఆసుపత్రిలో పెద్ద డాక్టరైన కొడుక్కి ఇంటికొచ్చేసరికి తల్లిని ఎత్తడానికి చేతులు మోటైపోతాయి. టోవె మాత్రం రోజంతా రోగుల ఇళ్లవాళ్లకు, "మీరూ కాస్త విశ్రాంతి తీసుకోవాలండీ" అని చెప్పి, సాయంత్రం వచ్చి బంగాళదుంపలు పొయ్యి మీద పెట్టేది. ఆ మాట తనకు చెప్పేవాళ్లు లేరని ఆమెకు ఒళ్లు మండేది.

మొదట్లో ఫ్లెమింగ్ ఆ సమావేశాలను దేశదేశాల కాఫీ కబుర్లు అనేవాడు. పత్రికలో వార్త పడ్డాక వాటికి సలహాదారుడయ్యాడు, తర్వాత అధ్యక్షుడయ్యాడు. సొమ్మొకడిది, సోకొకడిది. ఇన్నేళ్లకు ఈసారి టోవె పది నిమిషాలు మాట్లాడబోతోంది, ఇంట్లో రోగులను చూసుకునే ఆడవాళ్ల గురించి. "ఆ కాసేపూ అమ్మ దగ్గర నువ్వు కూర్చో" అని మొగుణ్ణి కోరింది. అతన్ని ఆమె అడిగింది ఆ ఒక్కటే. "సరేలే" అన్నాడు.

తెర నిండా మొహాలు చేరాయి. తలుపు దగ్గర ఇంకో పేరు కనబడింది. ఫ్లెమింగ్. మేడ మీది గది నుంచి, కోటు వేసుకుని మరీ. రెండు ముక్కలు చెప్పి దిగిపోతాడేమోననుకుని లోపలికి రానిచ్చింది.

"నా చోట మా చెల్లి" అంది ముటిన్తా.

"నా చోట మా పొరుగింటాయన. సూదిని చూస్తే కళ్లు తిరుగుతాయి, అయినా కూర్చున్నాడు పాపం" అంది నాతెలా. అందరూ నవ్వారు.

ఫ్లెమింగ్ గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మ మంచం పట్టి రెండేళ్లు. ఇంట్లోనే చూసుకుంటున్నాం. ఇప్పుడు నా చోట నా భార్య ఉంది."

తెర మీద ఎర్రటి హృదయాలు లేచాయి. అతని గడి పక్క గడిలోనే ఉన్న ఆ భార్య వైపు చూసింది ముటిన్తా ఒక్కతే. తర్వాతి వంతు టోవెది. అప్పుడే పక్క గదిలో అత్తగారి పిలుపు గంట మోగింది. టోవె మోకాళ్లు వాటంతటవే లేచాయి.

"వెళ్లిరా టోవె, మేం ఆగుతాంలే" అంది ముటిన్తా మెల్లగా.

ఇన్నేళ్లుగా అందరూ ఆగుతూనే ఉన్నారు, తనే వెళుతూ ఉంది. టోవె మళ్లీ కూర్చుంది. తన మైకు ఆపేసి, ఫ్లెమింగ్ పేరు మీద నొక్కి అతన్ని బయటికి పంపింది.

మేడ మీద కుర్చీ జరిగింది. మెట్ల మీద దడదడ. "టోవె! నా లైను తెగిపోయింది, త్వరగా లోపలికి రానియ్!"

"తెగలేదు. నేనే పంపించాను. అమ్మ పిలుస్తోంది, వెళ్లు. ముందు లేపి కూర్చోబెట్టు."

"అంతమంది ముందా? నీకేమైనా..."

గంట మళ్లీ మోగింది. టోవె వెనక్కి తిరగలేదు. అతను పక్క గదిలోకి వెళ్లాడు. దగ్గు, మంచం కిర్రుమన్న చప్పుడు, కాస్త ఆగి అత్తగారి గొంతు, వణుకుతూ: "నువ్వొచ్చావేంట్రా? టోవెకి ఏమైంది?"

టోవె మైకు తెరిచింది.

"ఇవాళ నా చోట," అంది, "మా అత్తగారి కొడుకు ఉన్నాడు."