తెల్లదారం రీలు

దర్జీ వదినకు తన కత్తెరంటే ప్రాణం. ఎవరినీ ముట్టుకోనివ్వదు. కొట్లో కాజాలు కుట్టే ఆడపడుచునైతే మరీను. "నీ చేతికిస్తే అది కాగితాలు కోసే కత్తెరవుతుంది" అని మొహం మీదే అనేది.

పాపం, ఆ కత్తెర మీదే ఇప్పుడు నింద పడింది. కొన్నాళ్లుగా, నూనెలో వేయించినవి తిన్నప్పుడల్లా వదినకు కుడి డొక్కలో పైన నొప్పి పట్టేస్తోంది. అది వీపుకూ కుడి భుజానికీ పాకుతుంది, ఒక్కోసారి వాంతవుతుంది. కడుపుది గ్యాసు, భుజానిది కత్తెర బరువు అని ఆవిడే తీర్పు చెప్పేసుకుని, బల్ల ఎత్తు మార్పించింది.

"డాక్టరుకి చూపించు వదినా."

"చూపిస్తే పడుకోమంటారు. కొట్టు నువ్వు నడుపుతావా?"

పైగా ఆవిడ మంచి హుషారులో ఉంది. లావు తగ్గాలని పస్తులుండి, చూస్తుండగానే చిక్కి సగమైంది. తన బట్టలు తానే బిగించి కుట్టుకుని మురిసిపోయింది.

ఆ కొట్లో దారం రంగును ట్యూబ్‌లైటు కింద చూడరు, గుమ్మంలోకి తెచ్చి పగటి వెలుతురులో చూస్తారు. ఆ ఉదయం తెల్లచొక్కాకు దారం కలపడానికి వదిన రీలు ఎత్తి పట్టుకుంది. ఆడపడుచు రీలు చూసింది, దాని వెనక వదిన కళ్లు చూసింది.

"కలిసిందా?"

"చొక్కాకు కలిసింది. నీ కళ్లే తెల్లగా లేవు వదినా. పచ్చబడ్డాయి."

మూత్రం కూడా ముదురు రంగులో వస్తోందని వదినకు తెలుసు. ఎండకేలే అని సరిపెట్టుకుంది. ఇప్పుడు మాత్రం భయం వేసింది. ఆ పూటే కొట్టు మూశారు.

స్కానింగు చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఒకటి జారి పిత్తం పారే గొట్టానికి అడ్డం పడింది, అందుకే కామెర్లు. భుజం నొప్పీ దానిదే. తిండి మానేసి గబగబా చిక్కినా రాళ్లు కట్టొచ్చు. ముందు ఆ రాయి తీసేసి, తర్వాత పిత్తాశయం కూడా తీసేద్దాం."

"అయితే కత్తెర తప్పేం లేదన్నమాట" అంది వదిన.

"ఏ కత్తెరండీ?"

ఆ రోజే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. మంచం మీద కూర్చున్నాక వదిన సంచిలోంచి కత్తెర తీసింది. అక్కడికి కూడా వెంట తెచ్చుకుంది మహాతల్లి.

"జాకెట్లకు మెడ గుండ్రంగా కొయ్యి. చెయ్యి వణికితే ఆగు, గుడ్డ ఎక్కడికీ పోదు."

ఆడపడుచు రెండు చేతులా అందుకుంది. వదిన మాత్రం వెంటనే వదల్లేదు.

"నేను తిరిగొచ్చాక ఇచ్చేస్తావుగా?"

ఆ గొంతు ఆడపడుచు ఎన్నడూ వినలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇవ్వకపోతే నువ్వూరుకుంటావా వదినా" అంది.