ఇంటికో మనిషి

బ్రిగేడ్ మైదానంలో పార్టీ సభ జరిగితే మెటియాబ్రుజ్ తెలుగు కూలీల లైను నుంచి ఇంటికో మనిషి లారీ ఎక్కాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు. అయినా ఎవరూ తప్పేవారు కాదు. పొద్దున్నే ఓడల డాకు గేటు దగ్గర కూలీకి పేర్లు పిలిచేది యూనియన్ వాళ్ళు, సభకి లారీ పంపేదీ వాళ్ళే మరి! మనుషుల్ని పోగుచేసే పని గవరయ్యది. కుర్రతనంలో సిక్కోలు నుంచి ఈ బంగ్లావాళ్ళ నగరానికి వచ్చి, డాకులో మూటలు మోసి మోసి, పార్టీ పెద్ద తారాపద దాదాకి నమ్మకస్తుడయ్యాడు.

సభంటే లైనువాళ్ళకి ఏమాటకామాటే, సరదాగానే ఉండేది. రొట్టె, ఉడికించిన గుడ్డు పెడతారు. చలికాలం ఎండలో తువ్వాలు పరుచుకుని గడ్డిలో కునుకు తీయొచ్చు. మైకులో ఏం చెప్పారని అడిగితే మాత్రం గవరయ్య కూడా చెప్పలేడు పాపం. ఇన్నేళ్ళలో ఒక్క ఉపన్యాసం చెవిన వేసుకుంటే ఒట్టు!

ఓటుకి పద్దెనిమిదేళ్ళు చాలని కొత్తగా చట్టం వచ్చిన రోజులవి. ఆ చలికాలం, సరిగ్గా సభ ముందురోజు గవరయ్య భార్య దాలమ్మకి జ్వరం తగిలింది. పోగుచేసేవాడు ఇంటి లెక్కలోకి రాడు. వాడింటి నుంచి వేరే మనిషి రావాలి. ఎటూ తోచక గవరయ్య కూతుర్ని లారీ ఎక్కించాడు. నాగేశ్వరి అప్పుడు బంగ్లా బడిలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తారాపద దాదా లారీ పక్కన నిలబడి ఒక్కొక్కరి వైపూ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. వేలు కూతురి మీదికి వచ్చేసరికి గవరయ్య భయపడ్డాడు, చిన్నపిల్లని తెచ్చావేమిటంటాడేమోనని. దాదా మాత్రం "గవర్ ఇంటి మనిషి, సరే" అని వేలు ముందుకు జరిపాడు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, నాగేశ్వరి మైదానంలో పడుకోలేదు. ఉపన్యాసం మొదటినుంచి చివరిదాకా విన్నది. విని ఊరుకుందా? నమ్మింది కూడా! తిరిగొచ్చే లారీలో అందరూ జోగుతుంటే తండ్రి భుజం పట్టి కుదిపింది.

"అయ్యా, మీ ఈదిలో పని అవ్వకపోతే మావోళ్ళనే నిలదీసి అడగండి అని సెప్పినాడు ఆ పెద్దాయన. మరి మన కుళాయి సంగతేటి?"

కుళాయి సంగతి ఇదీ. కిందటి ఎన్నికల ముందు లైను మొగలో కుళాయి పాతారు. దాదా వచ్చి దానికి దండ వేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నీళ్ళు మాత్రం చుక్క రాలేదు. వీధి గొట్టాన్ని పెద్ద గొట్టంతో కలపనే లేదు. ఇప్పుడు దానికి అప్పమ్మ తన మేకని కట్టుకుంటోంది. ఆడవాళ్ళు దర్జీల షెడ్లు దాటి, అక్కడి బోరింగు దగ్గర తోపులాడుకుని బిందె నింపుకోవాలి. జ్వరంతో కూడా దాలమ్మ వెళ్ళింది.

"గుంటవి, నీకెందుకే ఆ గొడవ? సదువుకో" అన్నాడు గవరయ్య, మళ్ళీ కళ్ళు మూసుకుంటూ.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న తారాపద దాదా లైనుకి వచ్చాడు. సభకి వచ్చినందుకు అందర్నీ మెచ్చుకుని, త్వరలో ఇంకో ఊరేగింపు ఉందని చెప్పాడు. అందరూ తలలూపారు. అప్పుడు లేచింది నాగేశ్వరి, ఆడవాళ్ళ వెనకనుంచి. బడిలో నేర్చిన శుభ్రమైన బంగ్లాలో కుళాయి గురించి అడిగింది. అక్కడితో ఆగితే బాగుండేది. "వారంలో నీళ్ళు రాకపోతే ఊరేగింపుకి మా లైను నుంచి ఒక్కరూ రారు" అనేసింది!

ఓలమ్మో! ఎవరినడిగి అన్నదా మాట? ఎవరినీ అడగలేదు. లైనుకి లైను బిగుసుకుపోయింది.

దాదా పకపకా నవ్వాడు. బతికాంరా అని అందరూ నవ్వారు. "చిన్నపిల్లవి. ఓటు వచ్చాక అడుగుదువుగాని, కూర్చోమ్మా" అన్నాడు.

"లారీ ఎక్కినప్పుడు గవర్ ఇంటి మనిషినన్నారు కదా దాదా. ఇంతలో చిన్నపిల్లని ఎలా అయ్యాను?"

నవ్వులు ఆగాయి. దాదా మెల్లగా గవరయ్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు గవర్. చిన్నపిల్ల మాటేగా?"

ఆ గొంతులో కోపం లేదు. బయటపడే దారి చూపిస్తున్నాడని గవరయ్యకి తెలుసు. అవునంటే అయిపోయింది, రేపు గేటు దగ్గర తన పేరు వినబడుతుంది. అబద్ధం కూడా కాదాయె. వారంలో నీళ్ళొస్తాయనుకోవడం, లైనంతా తన వెనకే ఉందనుకోవడం, ఇవన్నీ పిల్లతనం కాక మరేమిటి? అయితే కుళాయి మాటో? కూతురి వైపు చూశాడు. ఆమె బతిమాలడం లేదు. తండ్రి సరైన మాటే చెబుతాడని నమ్మి నిలబడింది. గవరయ్యకి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఆ కుళాయి పక్కనుంచి నడిచాడు. మొన్న దాలమ్మ జ్వరంతో బిందె మోసుకొస్తుంటే పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చాడు.

లేచి నిలబడ్డాడు. గవరయ్య బంగ్లా కూడా సిక్కోలు యాసలోనే ఉండేది.

"ఊరేగింపుకి రారన్న మాట దానిది. అది మమ్మల్నెవుల్నీ అడగనేదు. కుళాయి మాట మాత్రం పిల్లమాట కాదు దాదా. అది మా ఇంటి మాట."

దాదా టీ గ్లాసు కింద పెట్టి, "చూద్దాం" అని వెళ్ళిపోయాడు.

వెంటనే పక్కింటి కూర్మయ్య గవరయ్య మీద విరుచుకుపడ్డాడు. "గుంట ఏదో వాగితే నువ్వు కూడా తోడైపోయినావా? మా నోటికాడ కూడు తీసీసినావు గదరా!"

కూర్మయ్య కూడు ఎక్కడికీ పోలేదు. సోమవారం పొద్దున్న డాకు గేటు దగ్గర అతని పేరు పిలిచారు. తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. గవరయ్య పేరు పిలవలేదు. గేటు దగ్గర జనం పలచబడేదాకా నిలబడి ఇంటిదారి పట్టాడు.

నాగేశ్వరి బడి సంచితో గుమ్మంలోనే ఎదురైంది.

"ఏటయ్యా, ఎనక్కి వొచ్చీసినావు?"

దాలమ్మ వెనకనుంచి చెప్పొద్దని సైగ చేసింది. ఓడ రాలేదని చెబుదామని గవరయ్య దారంతా అనుకుంటూనే వచ్చాడు. పిల్లలకి చెప్పే మాట అది.

"పేరు పిలవనేదు" అన్నాడు.

"నా వల్లేనా?"

"అవును. నీ మాట వల్ల, నా మాట వల్ల."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు సేసినానా అయ్యా?"

"కుళాయి అడగడం తప్పు కాదు. ఎవుల్నీ అడక్కుండా ఎవులూ రారనీసినావు చూడు, అది తప్పు."

 గవరయ్య గడప మీద చతికిలబడి, పక్కన చోటు చూపించాడు.

"ఇలాగొచ్చి కూకో. రేపు కూడా పిలవకపోతే ఏటి సేద్దాం? నీకేటి తోస్తందో సెప్పు."

తన కూతుర్ని అతను సలహా అడగడం అదే మొదలు. నాగేశ్వరి సంచి దించి పక్కన కూర్చుంది. 

"ముందు అందర్నీ అడుగుదాం. ఇంటింటికీ ఎల్లి" అంది.

ఇంటికో మనిషిని పోగుచెయ్యడం గవరయ్యకి బాగా తెలిసిన పనే. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.