గంట కొట్టాల్సిన మనిషి

ఆ వార్త వచ్చేసరికి బాబాయి ఎవరిదో చదువుకునే కళ్ళజోడుకి అద్దం అంచు అరగదీస్తున్నాడు. చేతిలో పని ఉండగా ఫోను ముట్టుకోకూడదన్నది అతని నియమం. కానీ బల్ల మీద ఫోను అదే పనిగా వణుకుతుంటే మిషను ఆపి, వేళ్ళకంటిన తెల్లటి పొడి చొక్కాకు తుడుచుకుని చూశాడు.

"బాబాయ్, గెలిచేశారు!"

"నెలాఖరుకి పడవల ఆట ఎత్తేస్తున్నారంట బాబాయ్. మీరు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పారు. మీ నోట్లో చక్కెర పోయాలి."

"ఈ ఆదివారం వస్తున్నారు కదా? రాకపోతే ఊరుకోం."

వార్త నిజమే. నెలకింత అని చందా కట్టించుకుని వందల వీడియో గేములు ఆడనిచ్చే ఆ సేవ, నెలాఖరుకు కొన్నిటిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో పడవల ఆట ఒకటి. అందులోని సంగీతానికి హక్కుల గడువు తీరిపోయిందట. అందుకని సేవలోంచే కాదు, ఆన్‌లైను దుకాణంలోంచి కూడా తీసేస్తారట. ఇకమీదట అది డిస్కు కొనుక్కున్నవాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

అచ్చం అతను చెప్పినట్టే జరిగింది. అలవాటు కొద్దీ అతని వేలు ఒక నంబరు మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది.

"ఏంటండీ, అద్దం గాని విరిగిందా?" అన్నాడు కౌంటరు అవతల కూర్చున్న పెద్దాయన, జోడు లేని కళ్ళు చికిలించి.

"లేదండీ. అయిపోవచ్చింది, కూర్చోండి."

ఆ కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, ప్రతి ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరు స్నేహితులు ఫోను ఎదురుగా కూర్చుని గేముల వార్తల మీద పోట్లాడుకుని, ఆ వీడియోను నెట్‌లో పెట్టేవారు. వెనక గోడకు కంటి పరీక్ష పలక, పెద్ద అక్షరం నుంచి చీమ తలకాయంత అక్షరం దాకా. చూసేవాళ్ళు ఎక్కువమంది కారు. కానీ చూసేవాళ్ళు ఒక్క వారం కూడా వదిలేవారు కారు. ఆటలను డిస్కు రూపంలో కొని అరలో పెట్టుకోవాలని వాదించేవాడికి వాళ్ళే డిస్కు బాబాయి అని పేరు పెట్టారు. చందా కట్టి ఆడుకుంటే చాలనే రెండోవాడు చందా మామయ్య అయ్యాడు. మామయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బాబాయి కూర్చునేది మామూలు కుర్చీ. మామయ్యకు మాత్రం కళ్ళు పరీక్షించే గుండ్రటి స్టూలే కావాలి. వాదనలో ఇరుక్కున్నప్పుడల్లా దాని మీద ఒక చుట్టు తిరిగి వచ్చి, కొత్త మాటతో మొదలుపెట్టేవాడు.

ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. వరస కలిసింది రక్తంతో కాదు, ఆటలతోనే.

చాలా విషయాల్లో వాళ్ళ మాట ఒకటే. సగం ఉడికిన ఆటను అమ్మేసి, మిగతా సగం తర్వాత పంపుతామనే కంపెనీలను ఇద్దరూ కలిసే ఉతికి ఆరేసేవారు. బొమ్మలు గీసినవాళ్ళను ఆట విడుదలైన మర్నాడే పనిలోంచి తీసేశారన్న వార్త వచ్చినప్పుడు ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడారు. తేడా వచ్చేది ఒక్కచోటే.

"కళ్ళజోడు అద్దెకు తెచ్చుకుంటామా బావా?" అనేవాడు బాబాయి. "నాది నా ముక్కు మీద ఉండాలి. ఎవడో ఎక్కడో మీట నొక్కితే నా చూపు పోకూడదు."

"లిఫ్టు కొనుక్కుని ఎక్కుతామా బావా?" అనేవాడు మామయ్య. "ఎక్కాం, పైకి చేరాం. చాలదా?"

"రేపు నీ పడవల ఆట తీసేస్తారు. అప్పుడేం చేస్తావు?"

"నా పడవ పోయిన రోజున నీ పడవెక్కుతా. దింపేస్తావా ఏంటి?"

ఆ కార్యక్రమానికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి మాట నిజమైనా, గెలిచినవాడు నోరెత్తకూడదు. ఓడినవాడే ఆ వార్తను స్వయంగా చదివి, తన చివరి వాదన చెప్పుకుని, బల్ల మీదున్న గంట కొట్టాలి. కొనేవాళ్ళు వచ్చి నొక్కే కౌంటరు గంటే అది. ఆ గంట మోగాకే గెలిచినవాడు మాట్లాడాలి. బాబాయి ఓడి గంట నొక్కిన ప్రతిసారీ మామయ్య స్టూలు మీద నుంచి, దుకాణంలో బాబాయి గొంతును అచ్చుగుద్దినట్టు దింపుతూ, "వస్తున్నానండీ, కూర్చోండి!" అని కేకపెట్టేవాడు. ఆ కేక కోసమే చూసేవాళ్ళు కొందరున్నారు.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, పెద్ద భవనం పై అంతస్తులోని మోటారు గదిలో పని చేస్తూ మామయ్య గుండె ఆగి పడిపోయాడు. బాగుచేస్తున్నది ఆ లిఫ్టునే కాబట్టి, అతన్ని మెట్ల మీదుగా మోసుకుని దించారు. ఆ తర్వాత కార్యక్రమం జరగలేదు. స్టూలు మాత్రం వెనక గదిలో అలాగే ఉంది. కళ్ళ పరీక్షకు వచ్చినవాళ్ళను బాబాయి తన కుర్చీలో కూర్చోబెడుతున్నాడు.

ఆదివారం వచ్చింది. బాబాయి ఫోను నిలబెట్టి, దీపం వేసి, గొంతు సవరించుకున్నాడు. కొత్త గేము మిషను ధర పెరగడం గురించి మాట్లాడాడు. విడుదల మూడోసారి వాయిదా పడిన ఆట గురించి, ముందే డబ్బు కట్టి ఎదురుచూసే అమాయకుల గురించి మాట్లాడాడు. మాటలు వాటంతటవే వచ్చాయి. పడవల ఆట దగ్గరికి వచ్చేసరికి స్టూలు వైపు చూశాడు. వార్త చదవాల్సింది తాను కాదు. గంట కొట్టాల్సిన మనిషి లేడు. గంట మోగకుండా మాట్లాడటానికి తనకు హక్కు లేదు. రికార్డు చేసినదంతా చెరిపేశాడు.

మర్నాడు దుకాణం తొందరగా కట్టేసి, పడవల ఆట డిస్కు సంచిలో పెట్టుకుని మామయ్య ఇంటికి వెళ్ళాడు.

మామయ్య భార్య బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఒంట్లో బాగాలేని ఆదివారాలు మామయ్య ఇంటి నుంచే ఫోనులో మాట్లాడితే, వెనక ఆమె కుట్టుమిషను చప్పుడు వినిపించేది. చూసేవాళ్ళు ఆమెకు కుట్టుమిషను అత్తయ్య అని పేరు పెట్టుకున్నారు. ఆమె ముఖం మాత్రం ఎవరూ చూడలేదు.

తలుపు తెరిచే ఉంది. లోపల మిషను ఆడుతోంది, దాని వెనక నీళ్ళ చప్పుడు. టీవీలో పడవల ఆట నడుస్తోంది. రేవులో మామయ్య నీలం పడవ తాడుకు కట్టి ఉంది. ఎవరూ దాన్ని నడపడం లేదు. అది అలల మీద కొద్దిగా లేస్తూ దిగుతూ ఉంది.

"రండన్నయ్యా," అంది ఆమె, మిషను పాదం కిందనుంచి గుడ్డ తీస్తూ. "నాకు నడపడం రాదు. నీళ్ళ చప్పుడు ఉంటుందని పెట్టుకుంటాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటే కుట్టు వంకర పోతోంది."

"వార్త తెలిసిందా అమ్మా?"

"మీ బావ ఫోను నా దగ్గరే ఉందిగా. పొద్దస్తమానం మోగుతూనే ఉంది. 'మామయ్యా, బాబాయి గెలిచాడు, గంట కొట్టు' అని. ఆయన లేరని కొందరికి తెలిసినట్టు లేదు."

బాబాయి తల దించుకుని సంచిలోంచి డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఉంచుకో. మీ గేము మిషనులో పెడితే ఆట పోదు. నెలాఖరు తర్వాత కూడా ఆ పడవ అలాగే ఉంటుంది. ఇది చెప్పడానికే వచ్చాను."

ఆమె డిస్కు పెట్టెను తిప్పి చూసింది. అతన్ని చూసింది. చాలా మెల్లగా, పిల్లవాడికి తప్పు దిద్దినట్టు అంది.

"మా మిషనుకు డిస్కు పెట్టే చోటే లేదు కదన్నయ్యా. డిస్కు లేని రకం కొన్నారని మీరు రెండు ఆదివారాలు ఆయన్ని తిట్టిపోశారు."

బాబాయి లేచి వెళ్ళి టీవీ కింద మిషను ముందు వంగి చూశాడు. నున్నటి తెల్లటి పలక. ఎక్కడా చీలిక లేదు. ఈ మిషను మీద తాను అన్న ప్రతి మాటా గుర్తుంది. తెస్తున్న డిస్కు పెట్టాల్సింది ఆ మిషనులోనే అన్నది మాత్రం దారి పొడవునా గుర్తురాలేదు.

"మీ మిషనులోకి ఈ పడవను పట్టుకెళ్ళలేమా?" అని అడిగింది.

"కుదరదమ్మా. అది వాడి ఖాతాలోది."

"సరే అయితే." ఆమె మళ్ళీ మిషను పాదం దించింది. నాలుగు కుట్లు వేసి ఆగింది. "ఈ ఆదివారం నేనొస్తాను. గంట కొట్టాల్సింది మా ఇంటివాళ్ళే కదా."

"వద్దమ్మా. ఆ గెలుపు నాకు అక్కర్లేదు. నేను నోరు మూసుకుంటే సరిపోతుంది."

"మీరు నోరు మూసుకుంటారా?" ఆమె నవ్వబోయి ఊరుకుంది. "ఇన్నేళ్ళు వెనకనుంచి విన్నాను. ఒక్కసారి ముందు కూర్చోనివ్వండి. అది పోయేలోపే."

ఆదివారం ఆమె ఉతికిన చీర కట్టుకుని, మెడలో కొలతల టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. బాబాయి కుర్చీ చూపించాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. అది కొద్దిగా తిరిగితే బల్ల పట్టుకుని సర్దుకుంది.

"నమస్కారం," అంది ఫోను వైపు. "మిషను తీసుకురాలేదు. చప్పుడు వినిపించకపోతే ఏమీ అనుకోకండి."

తర్వాత వార్త చదివింది. ఒక్కో మాటా విడదీసి, తడబడకుండా, బట్టల మీద కొలతలు చదివినట్టు చదివింది. బాబాయి గంటను ఆమె వైపు జరిపాడు.

"కొట్టేయమ్మా. అయిపోతుంది."

"అదేంటన్నయ్యా? వాదన లేకుండా గంటేంటి? మీ బావ ఎప్పుడైనా ఊరికే కొట్టారా?"

"లేదు. అరగంట తిని గాని కొట్టేవాడు కాదు."

"మరి? మీ జోడు మీరు కొనుక్కున్నారు, సరే. లిఫ్టు ఎవరు కొనుక్కున్నారు?"

"మొదలెట్టావూ," అన్నాడు బాబాయి. గొంతులోకి తెలియకుండానే పాత దురుసు వచ్చింది. "ఆ లిఫ్టు ముచ్చట విని విని నా చెవులు తుప్పు పట్టాయి."

"తుప్పు పడితే నూనె వేయించుకోండి. ఎక్కినవాళ్ళు దిగుతారు. దిగాక, అయ్యో నాది కాకపోయెనే అని ఎవరైనా ఏడుస్తారా? పైకి చేరామా లేదా, అదీ లెక్క."

"మధ్యలో కరెంటు పోతే?"

"పోతే మెట్లు దిగాలి."

ఆ మాట అన్నాక ఇద్దరూ కాసేపు ఫోను వైపు చూడలేదు. ఆమె టేపు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"మీ దగ్గర డిస్కు ఉంది కదన్నయ్యా," అంది. "అందులో మీ బావ పడవ ఉందా?"

"లేదు."

"ఆట ఉంది, ఆయన లేరు. మరి మీరు దాచుకున్నదేంటి?"

బాబాయి దగ్గర జవాబు ఉంది. తన పడవ ఉంది, తన రేవు ఉంది, తాను నదికి అడ్డంగా వేసిన దారులన్నీ ఉన్నాయి. కానీ ఆటలో ఆ పడవ వెనక చెక్క మీద కూర్చుని, వానలో కూడా దిగనని మొండికేసి, ఎదుటి ఒడ్డు దాకా వాగుతూ వచ్చిన మనిషి ఆ డిస్కులో లేడు.

"నా పడవ పోయిన రోజున నీ పడవెక్కుతా అన్నారు," అంది ఆమె. "మీరే విన్నారు. అంటే పోతుందని ఆయనకు ముందే తెలుసు. తెలిసే చందా కట్టారు, తెలిసే ఆడారు. ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజు కూడా మానకుండా ఆడారు. తెలిసి ఆడినవాడు ఓడినట్టు ఎలా అవుతుందన్నయ్యా? చెప్పండి. నేను గంట కొట్టేస్తాను."

ఆమె అరచేయి గంట పక్కన బల్ల మీద ఉంది. అంతకుమించి ముందుకు జరగలేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు అవి.

బాబాయి చెప్పడానికి నోరు తెరిచాడు. కంపెనీల గురించి, హక్కుల గురించి, రేపు ఇంకెన్ని తీసేస్తారోనన్న దాని గురించి అతని దగ్గర చాలా మాటలున్నాయి. అన్నీ నిజమే. వాటిలో ఒక్కటీ ఆమె అడిగినదానికి జవాబు కాదు.

అతను గంటను తన వైపు లాక్కుని నొక్కాడు.

చిన్న గదిలో ఆ మోత పెద్దగా వినిపించింది. బాబాయి తల కొద్దిగా పక్కకు వంచాడు. ఆ గంట తర్వాత మామయ్య నుంచి రావాల్సిన కేక ఒకటుంది. ఆమెకూ అది తెలుసు. అన్నేళ్ళు మిషను ఆపి మరీ ఫోనులో విన్న కేక అది. ఆమె ఊపిరి తీసుకుంది, పెదవులు కదిలాయి. భర్త వాదనలన్నీ అప్పజెప్పగలిగిన మనిషి, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

గంట మోత సన్నబడి, సన్నబడి, పూర్తిగా పోయేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఆ తర్వాత బాబాయి చేయి చాచి ఫోను ఆపేశాడు.