వెనుక తలుపులో పిల్లి దారి

పిల్లిని టేపుతో కొలవడం అనుకున్నంత తేలిక కాదు. ఛాతీ చుట్టూ టేపు తిప్పగానే అది వెల్లకిలా పడి, టేపు చివరను ముందుకాళ్లతో పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. వంటగది నేల మీద మోకాళ్లు ఆన్చి కూర్చున్న ఆమె దాన్ని బతిమాలింది, కసిరింది. చివరికి పాలగిన్నె ముందు పెట్టి, అది తల వంచగానే టేపు బిగించి చూసింది. పదిహేను అంగుళాలు. వదులు కోసం రెండు కలిపి, పదిహేడు అని క్యాలెండరు కాగితం వెనుక రాసుకుంది. ముప్ఫై ఏళ్లుగా మనుషుల ఒళ్లు కొలిచిన చెయ్యి అది. ఏ ప్రాణిని కొలిచినా రెండంగుళాలు వదులు కలపకుండా ఉండలేదు.

అప్పటికి తెల్లవారి ఐదున్నర. నాలుగున్నరకే పిల్లి వెనుక తలుపు గీకింది. ఆమె లేచి పైగడియ, కింది గడియ, అడ్డకర్ర ఒకదాని తరువాత ఒకటి తీసి దాన్ని బయటికి పంపింది. పావుగంటకు అది అవతలి నుంచి గీకింది. మళ్లీ లేచి లోపలికి రానిచ్చింది. ఐదేళ్లుగా రోజూ ఇదే తంతు. కాలు కాలిన పిల్లి అంటారు గానీ, ఈ పిల్లికి ఏ కాలూ కాలకుండానే లోపలుంటే బయటి మీద, బయటుంటే లోపలి మీద మనసు. ఒక్కరోజు తలుపు తీయడం ఆలస్యమైతే చాలు, తమ్ముడు నునుపు చేసి పెట్టుకున్న చెక్కల మీదే పని కానిచ్చేది. రెండుసార్లు అలా జరిగాక, ఇంకోసారి చేస్తే సంచిలో వేసి ఊరవతల వదిలేస్తానని తమ్ముడు చెప్పాడు. అరిచి చెప్పే మనిషి కాదు అతను. అందుకే ఆమె నమ్మింది.

తమ్ముడు వడ్రంగి. తలుపుల పనిలో అతనికి మంచి పేరు. అతను బిగించిన తలుపు మూస్తే చీమ కూడా చుట్టూ తిరిగి రావాల్సిందేనని వీధిలో చెప్పుకుంటారు. సొంత ఇంటికైతే మరీ శ్రద్ధ. రాత్రి తొమ్మిదికల్లా అన్ని గడియలూ వేసి, రక్తపోటు మాత్ర వేసుకుని పడుకుంటాడు. ఆ తరువాత ఇల్లు కూలినా లేవడు. కాబట్టి పిల్లికి తలుపు తీయడం ఆమె వంతు. ఎవరూ పంచకుండానే ఆమె వంతుకు వచ్చిన పనులు ఆ ఇంట్లో చాలా ఉన్నాయి.

ఆమె ఆ ఇంటికి రెండు నెలలకని వచ్చింది. మరదలు పోయేనాటికి మేనకోడలికి రెండేళ్లు. రెండు నెలలు అయ్యేసరికి పిల్లకు తట్టు పోసింది. తట్టు తగ్గింది, బడి వచ్చింది. బడి అయింది, కాలేజీ వచ్చింది. అలా పందొమ్మిదేళ్లు. ఉండమని తమ్ముడు ఏనాడూ అడగలేదు, వెళ్లవద్దనీ అనలేదు. ఉంటుందిలే అనుకున్నాడు, అంతే. అంతకుముందు ఆమెకు మూడో అంతస్తులో ఒక అద్దె గది ఉండేది. మంచం, కుట్టుమిషను, ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే ఏమంత గొప్పగా ఉండేది కాదు, పక్క మేడల మీద నీళ్ల ట్యాంకులు కనిపించేవి. కానీ దాన్ని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తనే అనుకునేది. ఆ గది తాళంచెవి తిరిగి ఇచ్చేసి వచ్చిన రోజు ఆమె ఏడవలేదు. రెండు నెలలే కదా అనుకుంది.

పోయినేడు మేనకోడలు పెళ్లయి వెళ్లిపోయింది. ఇక ఆ ఇంట్లో ఆమె లేకపోతే గడవనిది పిల్లి ఒక్కదానికే.

ఇప్పుడు సూదుల డబ్బా అడుగున ఒక రైలు టికెట్టు మడిచి ఉంది. ఆరోజు సాయంత్రం ఆరున్నర బండికి. ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఒకప్పుడు ఉండి పదవీ విరమణ చేసిన నర్సమ్మ, ఓడరేవు ఊళ్లో రోగులు కోలుకునేదాకా ఉండే వసతిగృహం ఒకటి నడుపుతోంది. బట్టల పని చూసుకోవడానికి మనిషి కావాలి, ఉండడానికి గది ఇస్తానంది. జంతువులను మాత్రం రానివ్వరు. ఇది మూడో పిలుపు. మొదటి రెండుసార్లూ ఆమె పిల్లిని సాకు చెప్పింది, తెల్లవారుజామున తలుపు ఎవరు తీస్తారని అడిగింది. మూడోసారీ అదే అడిగింది. "తలుపుకు ఇంకో చిన్న తలుపు పెట్టిస్తే పోలా?" అంది ఫోనులో నర్సమ్మ.

పిల్లికి దారి దొరికితే తన సాకు పోతుంది. సాకు పోతే మిగిలేది తనూ, తన భయమూ. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసీ పది రోజులు నానబెట్టి, చివరికి పిల్లి తలుపు మాట ఒక్కటే తమ్ముడి చెవిన వేసింది. అక్కకు నిద్ర చాలడం లేదు కాబోలనుకుని అతను వెంటనే ఒప్పుకున్నాడు, తెచ్చిపెడితే శనివారం మధ్యాహ్నం బిగిస్తానన్నాడు. రైలు సంగతి చెబుదామని నాలుగుసార్లు అతని ముందు నిలబడింది. నాలుగుసార్లూ మాట మార్చింది. ఒకసారి కూర వేయనా అని అడిగి వచ్చేసింది.

ఆ రోజే ఆ శనివారం, ఒంటిపూట డ్యూటీ. ఆసుపత్రి బట్టల గది నేలమాళిగలో ఉంటుంది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే మూరెడు దూరంలో గోడ. పగలంతా ట్యూబులైటు వెలుగే. ఉతికిన దుప్పట్లు అక్కడికి మూటలుగా దిగుతాయి, మంచం మధ్యలో ఒళ్లు ఒరిసి ఒరిసి పలచబడ్డవి ఆమె బల్ల మీదికి వస్తాయి. అలాంటి దుప్పటిని ఆమె పారేయదు. నిలువునా మధ్యకు చీలుస్తుంది. ఎవరి ఒళ్లూ తగలక గట్టిగా ఉన్న రెండు అంచులనూ మధ్యకు తెచ్చి కలిపి కుడుతుంది. అరిగిన భాగం పక్కలకు పోతుంది, దుప్పటి ఇంకో రెండేళ్లు నిలుస్తుంది. కొత్త రోగికి నడుమ కుట్టు వీపున తగులుతుందేమో గానీ, ఫిర్యాదు చేసే ఓపిక ఉన్నవాళ్లు ఆ మంచాల మీద తక్కువ.

ఆ రోజు పదకొండు దుప్పట్లు కుట్టింది. పన్నెండోది చీల్చి, కలపకముందే ఒంటిగంట అయింది. సూపర్‌వైజరమ్మ వచ్చి, రాజీనామా కాగితం ఇంకా తన సొరుగులోనే ఉందని, మనసు మారితే ఇప్పుడే చెప్పమని నవ్వుతూ అంది. ఆ నవ్వులో తప్పులేదు. అదే సొరుగులోంచి ఆమె రెండుసార్లు కాగితం వెనక్కి తీసుకుంది మరి. ఈసారి ఆమె చేతిసంచి తీసుకుని మెట్లెక్కింది.

ఇనుప సామాన్ల దుకాణంలో పిల్లి తలుపు కావాలని అడిగి, పదిహేడు అంగుళాలది ఇమ్మంది. దుకాణదారు ఆమెను పైనుంచి కింది దాకా చూసి, లోపలికి వెళ్లి రెండు చేతులతో మోసుకుంటూ ఒక పెట్టె తెచ్చాడు. దాని మీద దూడంత కుక్క బొమ్మ ఉంది.

"మీ పిల్లి ఏం తింటుందమ్మా?" అని అడిగాడు.

కొలత ఎలా తీసిందో ఆమె చెప్పాక అతను చాలాసేపు నవ్వాడు. జాకెట్టుకు కాదు కదా, చుట్టుకొలతతో పనిలేదు, భుజాల వెడల్పు చెబితే చాలన్నాడు. అది ఆమె కొలవలేదు. వెడల్పు తెలియకుండా ఎలా తీసుకోవడం? ఇంటికి వెళ్లి కొలిచి సోమవారం రావచ్చు. సోమవారానికి బండి వెళ్లిపోయి ఉంటుంది. ఒంటి మీదినుంచి మూట దించినట్టు అయింది ఆమెకు, వెంటనే సిగ్గూ వేసింది. రెండు అరచేతులనూ పిల్లి దూరేంత దూరంలో గాలిలో నిలబెట్టి, ఇంత అంది. ఐదేళ్లుగా తెల్లవారుజామున తలుపు సందులోంచి దూరే పిల్లిని చూస్తున్న కళ్లకు అది తెలియకపోదు.

అతను మూడు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ఉత్త ప్లాస్టిక్ రెక్క, గాలికి టపటపలాడుతుంది. ఇంకోటి అయస్కాంతంది, పిల్లి మెడకు బిళ్ల కట్టాలి. మెడకు ఏదైనా కడతారన్న మాట ఆమెకు నచ్చలేదు. మూడోదానికి పక్కన చిన్న పిడి ఉంది. ఒక వైపు తిప్పితే రెక్క రెండువైపులా ఊగుతుంది. ఇంకో వైపుకు లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది, ఇంకో వైపుకు బయటికి మాత్రమే, నాలుగో వైపుకు తిప్పితే మూతపడుతుంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని రెక్కను వేలితో అటూ ఇటూ తోసి చూసింది. చాలాసార్లు తోసింది. వేరే బేరం వచ్చాక గానీ దుకాణదారు తొందరపెట్టలేదు.

తమ్ముడు భోజనం చేసి, మూలమట్టం, రంపం, డ్రిల్లు పట్టుకుని వెనుక తలుపు దగ్గర కూర్చున్నాడు. పనిలో ఉన్నప్పుడు అతను ముద్దొచ్చే మనిషి. పెన్సిలు చెవి వెనుక, నాలుక పళ్ల మధ్య. తలుపు తను చేసినదే, ఇరవై రెండేళ్ల కిందటిది. దానికి కన్నం పెట్టడం అతనికి ఇష్టం లేదని, గీత గీశాక రెండుసార్లు మళ్లీ కొలవడంలోనే తెలిసింది. అయినా అక్క కోసం ఒప్పుకున్నాడు. నాలుగు మూలలా చిల్లులు వేసి, సన్న రంపం దూర్చి నిదానంగా కోశాడు. ముక్క ఊడి చేతిలోకి వచ్చింది. అంతవరకూ తలుపు ఉన్నచోట పెరటి వెలుతురు నలుచదరంగా నేల మీద పడింది. పనిలో మిగిలిన ఏ ముక్కనూ అతను పారేయడు, ఎక్కడిదో రాసి పెట్టుకుంటాడు. దీని మీదా రాశాడు.

"దాచిపెట్టక్కా, మళ్లీ మూసేయాలంటే పనికొస్తుంది," అన్నాడు.

అంచులకు గరుకు కాగితం పట్టి, చట్రం బిగించి, మరలు తిప్పి, పిడి సరిచేసేసరికి నాలుగున్నర అయింది. పెరట్లో ఉన్న పిల్లిని పాలగిన్నె చూపించి పిలిచాడు. అది రెక్కను వాసన చూసింది, తలతో తోసింది, సగం లోపల సగం బయట కాసేపు ఆలోచించి, మొత్తం వచ్చేసింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

పాలు అయ్యాక పిల్లి వెనక్కి తిరిగింది. తలతో రెక్కను తోసింది. రెక్క కదల్లేదు. కాలితో తోసింది. పక్కకు జరిగి మళ్లీ తోసింది. తరువాత రెక్కకు ఎదురుగా కూర్చుండిపోయింది. పారదర్శకమైన ప్లాస్టిక్ అది, అవతల పెరడంతా దానికి కనిపిస్తూనే ఉంది.

తప్పుగా బిగించావేమో చూడమంది ఆమె. తప్పేమీ లేదన్నాడు అతను, తనే లోపలికి మాత్రమే అని తిప్పి పెట్టాడట. తను చేసిన ఏ ఇంటి తలుపైనా లోపలికే తెరుచుకుంటుంది, రెండువైపులా ఊగేది తలుపు కాదు, హోటలు వంటగదికి పెట్టే రెక్క.

"లోపలికొస్తే చాలు కదక్కా," అన్నాడు మరలు ఏరుకుంటూ. "బయట దానికి ఏముందని?"

ఆ మాటలో ఏ కుళ్లూ లేదు. ఉంటే ఆమె ఓర్చుకునేదేమో. అంత మంచిగా, అంత తేలిగ్గా అన్నందుకు ఓర్చుకోలేకపోయింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ వచ్చింది కోపం. పందొమ్మిదేళ్లు ఆలస్యంగా వచ్చిన కోపం. దాన్ని ఏం చేయాలో ఆమెకు అలవాటు లేదు. వెళ్లి కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చి, నేల మీద మోకాళ్లూని, బిగుతుగా ఉన్న పిడిని దాని మొనతో తోసి రెండువైపులా అన్న గుర్తు దాకా తిప్పింది. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. తిప్పడం అవగానే పిల్లి ఆమె మోచేతి కిందినుంచి దూరి వెళ్లిపోయింది. రెక్క ఒకటి రెండుసార్లు ఊగి ఆగింది.

"పోతే?" అన్నాడు తమ్ముడు.

"పోతే పోతుంది. దాని ఇష్టం." ఆమె లేవలేదు. రెక్క వైపు చూస్తూనే అంది. "నేనూ వెళ్తున్నానురా. ఆరున్నర బండికి."

అతను మరలు డబ్బాలో వేయడం ఆపాడు. ఎన్నాళ్లకని అడిగాడు. రెండు నెలలకి అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, ఉండడానికే వెళ్తున్నానని చెప్పింది. ఎక్కడికో, ఎవరి దగ్గరికో అన్నీ చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

అతను చాలాసేపు రంపపు పొట్టును చేత్తో కుప్పగా తోశాడు.

"నేనేమన్నా అన్నానా అక్కా?"

"లేదురా. నువ్వెప్పుడూ ఏమీ అనలేదు."

అది నిజం. అంతకన్నా నిజమైన మాట వాళ్లిద్దరి మధ్యా అంతవరకూ రాలేదు. అతనికి అర్థమైందో లేదో ఆమెకు తెలియలేదు. లేచి చేతులు దులుపుకుని, పిల్లికి పాలు ఎప్పుడు పోయాలని అడిగాడు.

"నువ్వు లేచాక."

"నేను ఆలస్యంగా లేస్తాను కదా."

"ఆగుతుందిలే," అంది ఆమె.

పెట్టె ఒకటే. వారం కిందే సర్ది మంచం కింద ఉంచింది. ఐదున్నరకు తమ్ముడు దాన్ని భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఆమె వెనుక తలుపు గడియలు వేయబోయి, పైది వేసి, కిందిది వేసి, అడ్డకర్రను గోడకే వదిలేసింది. వీధి మలుపు చేరేలోపు ఆమెకు రెండుసార్లు వెనక్కి వెళ్లిపోదామనిపించింది. ప్రతిసారీ ముందు నడుస్తున్న తమ్ముడి వీపు చూసి, తనూ నడిచింది.

వంటగదిలో వెలుతురు తగ్గుతూ వచ్చింది. బయల్దేరేముందు రంపపు పొట్టునంతా ఎత్తి పారబోసి నేల తుడిచిన తమ్ముడు, ఆ తలుపు ముక్కను మాత్రం ఎక్కడ పెట్టాలో తోచక ఆమె కూర్చుని కుట్టుకునే కుర్చీలో పెట్టి వెళ్లాడు. ఒకవైపు మాసిన ఆకుపచ్చ రంగు, కోసిన అంచుల్లో పచ్చి చెక్క, దాని మీద పెన్సిలుతో అతని గుండ్రటి అక్షరాలు: వెనుక తలుపు, కింది ముక్క, అక్క అడిగితే కోసినది.