గుంత పార్కు

అక్క వాళ్ళ సందులోకి ఏటా వానాకాలం నీళ్ళు వచ్చేవి. పై వీధులన్నీ తారు, సిమెంటు. పడ్డ నీటికి నేలలోకి దిగే దారి లేక, పల్లం వెతుక్కుంటూ వచ్చి ఆ సందులో ఆగేది. అక్క ముందు గదిలో బట్టలు కుట్టేది. మబ్బు పట్టగానే గుడ్డలు మంచాల మీదకీ, మనుషులు బల్లల మీదకీ ఎక్కేవాళ్ళు. బావ మాత్రం ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఆ మురికినీళ్ళలోనే సందంతా తిరిగేవాడు. ఎవరింట్లోకి ఎంత వచ్చిందో ఇంటింటికీ చేరవేసేవాడు. అచ్చాఫీసులో మిషన్ల మోత మధ్య పనిచేసి ఆయన మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడు. సందులో ఆయన్ని రేడియో అనేవారు.

అక్కకి ఒక్కతే చెల్లెలు. పెరిగి పెద్దదై నగరపాలక సంస్థ పార్కుల విభాగంలో ఇంజనీరైనా ఇంట్లో ఆమె ఇంకా చిన్నదే. అక్క ఇంట్లో బురద ఎత్తిపోయడానికి వెళ్ళి వెళ్ళి ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. సందుకి పైన, ఇళ్ళు కూల్చిన మట్టీ రాళ్ళూ పోసే పాడుబడ్డ స్థలం ఒకటి ఉంది. దాన్ని గిన్నెలా లోతుగా తవ్వి, అడుగున ఇసకా కంకరా పరిచి, నీళ్ళు నిలిచినా చావని గడ్డీ తుంగా నాటాలి. రోడ్డు అంచుల్లో కంతలు పెట్టి వాన నీళ్ళని అందులోకి మళ్ళించాలి. నిండిన నీళ్ళు ఒక పూట నిలబడి మెల్లగా భూమిలోకి ఇంకిపోతాయి. మిగతా రోజుల్లో అది మామూలు పార్కు. చుట్టూ మెట్లు, అడుగున నడిచే బాట.

ఆఫీసులో నవ్వారు. "గుంతలు పూడ్చడానికి కదమ్మా మనకి జీతాలిచ్చేది, తవ్వడానికి కాదు" అన్నాడు పై అధికారి. ఆమె వదల్లేదు. ఏళ్ళ తరబడి ఆయన చెవిలో జోరీగలా తిరిగి చివరికి ఒప్పించింది.

చుట్టూ కంచె వేద్దామని ఆయన అన్నప్పుడు మాత్రం ఆమె అడ్డం తిరిగింది. కంచె వేస్తే అది చెత్తగొయ్యి అవుతుంది, మనుషులు దిగి కూర్చుంటేనే పార్కు అని వాదించింది. దానికి బదులు వాన మొదలవగానే మెట్లు మూసేందుకు గొలుసులూ, కరెంటు పోయినా వెలిగే ఎర్రదీపాలూ, ఒక కాపలా మనిషీ కావాలంది. ఆయన సరేనన్నాడు. తవ్వకం అయింది. తుంగ నిలదొక్కుకుంది. గొలుసులూ దీపాలూ కాపలా మనిషీ ఇంకా రాలేదు.

"అవి తర్వాతైనా వస్తాయి కదే. ఈ వానలకి ముందే నీళ్ళు అటు మళ్ళించు. ఇంకో ఏడు ఈ మురికి ఎత్తిపోసే ఓపిక నాకు లేదు" అంది అక్క.

చెల్లెలికీ ఆగాలని లేదు. కంతలు తెరిపించింది. సందు జనం దానికి గుంత పార్కు అని పేరు పెట్టారు. బస్టాపు నుంచి ఇంటికి అడ్డదారి కావడంతో బావ రోజూ అందులోంచే వచ్చేవాడు.

మొదటి పెద్ద వాన ఒక సాయంత్రం కురిసింది. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి చెల్లెలు అక్కకి ఫోన్ చేసింది.

"గుమ్మం దాకా వచ్చాయా?"

"రోడ్డు తడిసింది, అంతే. ఇంకేం రాలేదు. వీధిలోకెళ్ళి చూసి మరీ వచ్చాను. నమ్మబుద్ధి కావట్లేదే" అంది అక్క.

కాసేపటికి బావ ఫోన్. వాన హోరులో ఆయన మామూలు కన్నా గట్టిగా అరుస్తున్నాడు.

"మరదలా, బస్సు దిగాను. ఇక్కడ కరెంటు పోయింది. మీ అక్క అప్పుడే నీకు గుడి కట్టించేలా మాట్లాడుతోంది. నీ గుంత ఎంత నిండిందో చూసి చెప్పనా?"

ఆమెకి గాల్లో తేలినట్టుంది. "చూసి చెప్పండి బావా. ఏ మెట్టు దాకా వచ్చిందో చెప్పండి" అంది.

ఆయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మోకాలి లోతు నీళ్ళలో ఏళ్ళుగా తిరిగిన మనిషి. ఆ మసకచీకట్లో, నీళ్ళు సమంగా పరుచుకుని ఉంటే, ఇదీ అంతేననుకున్నాడో, మెట్టు మీద కాలు జారిందో ఎవరూ చూడలేదు. నీళ్ళ మీద ఆయన గొడుగు కనిపించి, అక్క ఎదురింట్లో ఉండే టీచరు కేకలు పెట్టింది. సందులో మగవాళ్ళు తాళ్ళు కట్టుకుని దిగి తుంగలో వెతికి ఆయన్ని పైకి తీశారు. అప్పటికే ప్రాణం పోయింది.

మర్నాడు ఇల్లంతా జనం. వచ్చిన వాళ్ళందరూ చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నారు. వానాకాలంలో ఆ ఇంట్లో నేల మీద ఎవరైనా కూర్చోగా చూసిన వాళ్ళు లేరు. గచ్చు పొడిగా ఉంది. ఆ సంగతి అందరూ గమనించారు, ఎవరూ అనలేదు.

అంతా అయ్యాక చెల్లెలు అక్క పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "నేనే చూడమన్నానక్కా. ఏ మెట్టు దాకా వచ్చిందో చెప్పమన్నాను."

అక్క తిట్టలేదు. ఏడవలేదు. ఆ సాయంత్రం వార్డు సభ్యుడు పరామర్శకి వచ్చాడు. "మీరేం చెయ్యమంటే అది చేయిస్తానమ్మా" అన్నాడు.

"దాన్ని పూడ్చెయ్యండి" అంది అక్క.

ఆ స్థలంలో కార్లు పెట్టుకునే జాగా చేయాలని ఆయనకి ముందునుంచీ ఉంది. తల వంచుకుని, అలాగేనమ్మా అన్నాడు.

వారం పోయాక చెల్లెలు ధైర్యం కూడగట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళింది.

"గొలుసులు వచ్చాయక్కా. నువ్వు కావాలంటే కంచె కూడా వేయిస్తాను, నేను పట్టుబట్టి తప్పు చేశాను. ఇంకెవరికీ ఇలా జరగదు."

అక్క ఎవరిదో జాకెట్టుకి కాజాలు కుడుతోంది. సూది ఆపలేదు. "కూరలకి వెళ్ళాలన్నా నేను దాని పక్కనుంచే పోవాలి. వాన పడ్డప్పుడల్లా అది నిండుతుంది. నిండితే బాగా పనిచేసింది అంటావు నువ్వు. నేనేమనాలి?"

చెల్లెలు లేచి చెప్పులు వేసుకుంది.

బయటికి వస్తుంటే ఎదురింటి టీచరు చెయ్యిపట్టి ఆపింది. ఆవిడ ఇంట్లో మంచం దిగలేని తల్లి ఉంది. "మా ఇంట్లోకి చుక్క రాలేదమ్మా. మా అమ్మ ఆ రాత్రి నిశ్చింతగా పడుకుంది. కానీ మీ అక్క మొహం చూస్తూ ఆ మాట నలుగురిలో ఎలా అనను?" అంది. సందులో అందరిదీ అదే పరిస్థితి. రేడియో చచ్చిపోయిన చోటు ఉండాలని అడిగే నోరు ఎవరికీ లేదు.

ఆఫీసులో మీటింగు పెట్టారు. పూడిస్తే నీళ్ళు మళ్ళీ ఇళ్ళలోకి వస్తాయని చెల్లెలు చెప్పింది. పైన సిమెంటు పోస్తే ఇంకా ఎక్కువ వస్తాయని కూడా చెప్పింది.

"అయితే మీరు ఒప్పుకోవట్లేదా?" అని అడిగాడు పై అధికారి. ఆయన గొంతులో వెటకారం లేదు. ఆమె గట్టిగా కాదంటే ఆయన ఆగేలాగే ఉన్నాడు.

ఆమెకి అక్క చేతిలో సూది కళ్ళ ముందు మెదిలింది. "నేను అడ్డు చెప్పను సార్" అంది.

లారీల్లో మట్టి వచ్చింది. తుంగ మీదే పోశారు. దాని మీద రోలరు తిరిగింది, సిమెంటు పడింది, తెల్లగీతలు పడ్డాయి. కార్లు వచ్చి నిలబడ్డాయి.

మరుసటి వానాకాలం నీళ్ళు రాలేదు, విరుచుకుపడ్డాయి. అక్క తలుపుకి అడ్డం పెట్టిన చెక్క కొట్టుకుపోయింది. ఎదురింట్లో టీచరు తల్లి మంచం మునిగింది. పక్కింటి వాళ్ళు వచ్చి ఆవిడని భుజాన వేసుకుని మేడ మీదకి చేర్చేసరికి ఒళ్ళంతా తడిసి, ఆ మురికినీళ్ళు మింగి, వణికిపోతోంది. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆసుపత్రి నుంచి ఆవిడ తిరిగి రాలేదు.

టీచరు ఎవరినీ ఒక్కమాట అనలేదు. అక్క వెళితే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. అదే అక్కని ఎక్కువ బాధపెట్టింది.

ఆ నెలలోనే ఇంకో వాన వచ్చింది. మర్నాడు చెల్లెలు వెళ్ళేసరికి అక్క కుట్టుమిషను పక్కన స్టూలు మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. గదినిండా చీలమండల దాకా బురద. అన్నం వండిన జాడ లేదు.

"తిన్నావా?" అంది చెల్లెలు.

"ఆ ముసలావిడ పోతుందని నీకు ముందే తెలుసా?" అంది అక్క.

"ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతుందని తెలుసు. ఎవరికో తెలీదు."

"నాకూ తెలుసు. నువ్వు చెప్పింది నిజమని అప్పుడే తెలుసు. ఎన్నేళ్ళు ఈ నీళ్ళలో బతకలేదు నేను? అయినా పూడ్చమన్నాను. ఇప్పుడు తవ్వమంటే తవ్వుతారా?"

"తవ్వరక్కా. వాళ్ళకి కార్ల జాగా కుదిరింది. ఇక వదలరు."

"తవ్వినా, మళ్ళీ నన్ను అడిగితే మళ్ళీ పూడ్చమనే అంటాను. నా బుద్ధి అంతే, మారదు. నన్ను అడగకుండా ఉండాల్సింది నువ్వు."

"నీ మొహం చూసి..."

"అదే చెబుతున్నాను. మొగుడు పోయినదాని మొహం చూసి ఊరి పని వదిలేస్తారా ఎవరైనా? నేను తిడితే పడాల్సింది. జన్మంతా మాట్లాడకపోయినా ఓర్చుకోవాల్సింది. నీకు నేను కావాల్సి వచ్చాను. ఆవిడ తరఫున మాట్లాడటానికి ఎవరూ లేకపోయారు."

అక్క గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. అలిసిపోయిన మనిషి ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

చెల్లెలు గోడకి ఆనుకుని నిలబడింది. ఎదురింట్లో టీచరు పరుపు ఒకటి బయటికి ఈడ్చుకొచ్చి, ఎండ కోసం గోడ మీద వేసింది. వీళ్ళని చూసి తల ఊపి లోపలికి వెళ్ళింది.

చెల్లెలు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మూలనున్న పార తీసుకుని, గది చివరి నుంచి బురద తోయడం మొదలుపెట్టింది. అక్క వద్దనలేదు. కాసేపటికి స్టూలు దిగి, బకెట్టు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.