వాగవతలి ఇల్లు

దేవ్‌సింగ్ ఆ ఇల్లు కొన్నది కూతురి కోసమే. ఏడేళ్ళ అనితకు తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, ఇరవై రోజులకొకసారి ఎక్కించాల్సిందే. నెల్లికుదురు పక్కనున్న వాళ్ళ తండా నుంచి ఆటో ఎక్కి, బస్సు మారి, మహబూబాబాద్ దవాఖానకు చేరేసరికి పిల్ల తల్లి ఒళ్ళో వాలిపోయేది. దవాఖాన దగ్గర ఒక ఇల్లుంటే ఈ తిప్పలన్నీ తీరిపోతాయని దేవ్‌సింగ్‌కు తోచింది. తోచిందే తడవుగా రోడ్డు పక్కనున్న రెండెకరాల చెలక అమ్మేశాడు.

ఇల్లు చూపించినవాడు యుగేందర్. ప్లాట్లు, ఇళ్ళు అమ్మించి పెట్టే మనిషి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరినీ దవాఖాన గేటు దగ్గర కలిసి, తన బండి వెనక ఆటోలో రమ్మన్నాడు. "గడియారం చూసుకో అన్నా, పది నిమిషాలల్ల ఇంటి ముంగట ఉంటం" అన్నాడు. ఖాళీ రోడ్ల మీద తొమ్మిది నిమిషాల్లోనే చేరారు. కాలనీకి కొంచెం ముందు ఒక వాగు ఉంది. చుక్క నీరు లేదు. ఇసుకలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. వాగుకు అడ్డంగా నేలబారున ఒక సిమెంటు కల్వర్టు, దాని మీద నుంచి దారి.

"బ్రిడ్జి సాంక్షనైంది. వచ్చే ఏడు కడ్తరు. అప్పుడు గీ ఇల్లు నీకు దొరుకుతదా?" అన్నాడు యుగేందర్.

దేవ్‌సింగ్ బోరు నీళ్ళు తాగి చూశాడు. గోడ తట్టి చూశాడు. వాస్తు అడిగాడు. పక్కింటి ముంగిట్లో ఒక ముసలామె మిరపకాయలు ఎండబోసుకుంటూ వీళ్ళ వంకే చూస్తోంది. ఆమెకు తల ఊపి ముందుకు నడిచాడు.

తిరుగు దారిలో భార్య లాలి అంది. "తొందరెందుకు? ఒక్క వానకాలం కిరాయికుండి చూద్దాం."

"ఆగితే రేటు పెరుగుతది. ఊరికినే శకునాలు పలకకు" అని కసిరాడు. నెల తిరక్కుండానే రిజిస్ట్రేషన్ అయిపోయింది.

జూన్‌లో ఇంట్లో దిగారు. మూడు నాలుగుసార్లు అనితను బండి మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోయి, సాయంత్రానికల్లా ఇంటికి తెచ్చుకున్నారు. దేవ్‌సింగ్ తండాకు పోయినప్పుడల్లా ఆ పది నిమిషాల సంగతి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆగస్టు చివర ఒక శనివారం మొదలైన వాన ఆగలేదు. ఆదివారానికి వాగు కల్వర్టును తాకింది. సోమవారం పొద్దున చూస్తే కల్వర్టే కనిపించలేదు. ఎర్రటి నీళ్ళు చెట్ల మొదళ్ళను దొర్లించుకుంటూ పోతున్నాయి. అనితకు రక్తం ఎక్కించాల్సింది మంగళవారం.

వెనక నుంచి ఇంకో దారి ఉందని విని దేవ్‌సింగ్ తడుస్తూ పరుగెత్తాడు. అటు చెరువు నిండి మత్తడి దుంకి రోడ్డును కోసేసింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, పిల్లను వాగు దాటించి అవతలి ఒడ్డుకు తెస్తే తీసుకుపోతామన్నారు. మంగళవారం గడిచింది. ఆ వారమంతా గడిచింది. నీళ్ళు జానెడు కూడా తగ్గలేదు. వాగొడ్డున నిలబడితే టౌన్‌లోని సెల్ టవర్లు ఎదురుగా కనిపిస్తున్నాయి.

ఆ ఒడ్డునే నిలబడి యుగేందర్‌కు ఫోన్ చేశాడు.

"రెండు రోజులల్ల తగ్గుతది, పరేషాన్ గాకన్నా. ఏటా గిట్లనే ఉంటది" అన్నాడు యుగేందర్.

"ఏటానా? గిట్లయితదని నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"నువ్వు అడగలేదు గదన్నా."

దేవ్‌సింగ్ ఫోను పట్టుకుని వానలో అలాగే నిలబడిపోయాడు.

తర్వాతి సోమవారం తెల్లవారేసరికి అనిత పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. తాగిన పాలు వాంతి చేసుకుంది. "యాడీ, గుండె జోరుగా కొట్టుకుంటాంది" అని తల్లి చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. లాలి ఆ చెయ్యి అలాగే ఉంచి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

ఆ ఏడుపు విని పక్కింటి వజ్రమ్మ వచ్చింది. మిరపకాయలు ఎండబోసుకున్న ముసలామె ఆమే. పిల్లను చూసి నెత్తి కొట్టుకుంది. "మీరు ఇల్లు చూడొచ్చిన్నాడు నేను ముంగిట్లనే ఉంటి. ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా బిడ్డా? వానకాలం మేం పది పదిహేను రోజులు గిట్లనే పడి ఉంటం."

దేవ్‌సింగ్ తల ఎత్తలేదు. లాలి లేచి చీర కొంగు నడుముకు దోపింది. "తాడు ఇయ్యి అవ్వా. నేను ఈది దాటుత."

"దాటవు, సస్తవు. రైలు బ్రిడ్జి కాడికి పోండ్రి. పానం మీదికొస్తే మాకు గదే దారి" అంది వజ్రమ్మ.

రైలు బ్రిడ్జి కాలనీకి కిలోమీటరు ఎగువన, వాగు మీద ఎత్తుగా ఉంది. అనితను దుప్పట్లో చుట్టి వీపుకు కట్టుకుని దేవ్‌సింగ్ రైలు కట్ట ఎక్కాడు. వెనక లాలి. అక్కడ రెయిన్‌కోటు వేసుకుని, సంకలో జెండాలు పెట్టుకుని, బ్రిడ్జి కింద నీళ్ళు ఎంత పెరిగాయో చూస్తున్న గ్యాంగ్‌మన్ ఒకడున్నాడు. పేరు పెద్దులు. వీళ్ళను చూడగానే చెయ్యెత్తి అరిచాడు.

"వాపస్ పోండ్రి! మనుషులు నడిచే బ్రిడ్జి గాదిది. కేసయితది, నా నౌకరి పోతది!"

దేవ్‌సింగ్ కంకర రాళ్ళ మీద మోకరిల్లి అతని బూట్లు పట్టుకున్నాడు.  లాలి దుప్పటి పక్కకు తీసి పిల్ల ముఖం చూపించింది.

పెద్దులు చూశాడు.  తర్వాత జేబులోంచి ఫోన్ తీసి స్టేషన్‌లో ఎవరితోనో మాట్లాడి, వీళ్ళవైపు తిరిగాడు. "గీ గూడ్సు పోనియ్యిండ్రి. దాని వెనక జర టైముంది. నేను ముంగట నడుస్త. ఉరకొద్దు. కిందికి చూడొద్దు."

గూడ్సు పోయింది. ముగ్గురూ బ్రిడ్జి ఎక్కారు. పట్టాల పక్కన నడవడానికి వేసిన ఇనుప రేకులు వానకు జారుతున్నాయి. రేకుల సందుల్లోంచి కింద నీళ్ళు తిరుగుతూ కనిపించాయి.  వీపు మీద పిల్ల గుండె టపటపా కొట్టుకోవడం తెలుస్తోంది. అదొక్కటే వింటూ అడుగు తీసి అడుగు వేశాడు.

సగం దాటారో లేదో, స్టేషన్‌లో చెప్పని రైలొకటి ఎదురుగా కూత వేసింది. "పక్కకు! పక్కకు రాండ్రి!" అంటూ పెద్దులు ఇద్దరినీ లాగి, బ్రిడ్జికి పక్కన గూడులా వేలాడే చిన్న ఇనుప అరుగు మీదికి నెట్టాడు. పనివాళ్ళు రైలుకు తప్పుకుని నిలబడే చోటు అది. ఎర్రజెండా తీసి ఊపే లోపే రైలు వచ్చేసింది. మూరెడు దూరంలో పెట్టెలు ఒకదాని వెనక ఒకటి. అరుగు అదిరిపోయింది. లాలి వెనక నుంచి పిల్లనూ భర్తనూ కలిపి వాటేసుకుని కళ్ళు మూసుకుంది.

రైలు పోయింది. వీపు మీద కొట్టుకుంటున్న గుండె దేవ్‌సింగ్‌కు తెలియలేదు.

"అనితా! బిడ్డా!"

లాలి పిల్ల ముక్కు దగ్గర చెంప ఆనించింది. ఎంతసేపో ఆనించి ఉంచింది. "ఉంది. ఊపిరుంది. నడువు" అంది.

దవాఖానలో నర్సు రేణుక పిల్లను చూస్తూనే మండిపడింది. "ఇన్ని రోజులేం చేసిన్రు? పక్కనే ఇల్లు కొనుక్కున్నమంటిరి గద! ఇంకో పూటయితే పిల్ల దక్కేదేనా?" దేవ్‌సింగ్ పక్కకు జరిగి నిలబడ్డాడు. రక్తం సీసా వేలాడదీశారు. చుక్క చుక్కా దిగుతుంటే చూడలేక వరండాలోకి పోయి, గోడకు తల బాదుకున్నాడు. లాలి వచ్చి అతని తలకూ గోడకూ నడుమ తన అరచెయ్యి పెట్టింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నేనిగ ఆ ఇంటికి రాను" అంది అంతే.

అన్నమాట ప్రకారమే రాలేదు. దవాఖాన వెనక సందులో రేకుల కప్పు ఉన్న ఒక్క గది కిరాయికి తీసుకున్నారు. దేవ్‌సింగ్ మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు. లాలి ఒక హోటల్లో గిన్నెలు తోముతోంది. ఆమె వేళ్ళ సందులు పాసిపోయి ఎర్రగా పగిలాయి. చెలక లేదు. ఇల్లు ఉందన్న పేరే గాని తాళం వేసి ఉంది. అమ్ముదామంటే, వానలప్పుడు వాగును చూసినవాళ్ళు ఎవరూ దగ్గరికి రాలేదు.

జనవరిలో యుగేందర్ ఒక బేరం తెచ్చాడు. కొడకండ్ల నుంచి సోమనర్సయ్య అనే పెద్దమనిషి. కోడలికి మహబూబాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చిందట. ఆమెకు ఇప్పుడు మూడో నెల. అందరం ఇక్కడికే వచ్చేస్తే కాన్పుకు దవాఖాన దగ్గరవుతుందని ఆయన ఆలోచన.

"నువ్వు నోరు మెదపకన్నా. నేను చూసుకుంట" అన్నాడు యుగేందర్ చెవిలో.

సోమనర్సయ్య గదులన్నీ తిరిగాడు. బోరు నీళ్ళు బాగున్నాయన్నాడు. కరెంటు సంగతి అడిగాడు. కోడలు స్కూలుకు ఎటు పోవాలో అడిగాడు. బయానా ఇవ్వడానికి అంగీ లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. దేవ్‌సింగ్ కళ్ళ ముందు లాలి చేతులు మెదిలాయి. ఈ ఒక్క గంట ఊరుకుంటే ఆ గిన్నెలు తప్పుతాయి. మంచి గది దొరుకుతుంది. మందులకు వెతుక్కోవాల్సిన పనుండదు. గొంతు దాకా వచ్చిన మాటను రెండుసార్లు మింగాడు. మూడోసారి మింగలేకపోయాడు.

"పెద్దాయినా, మీ కోడలు నీళ్ళాడేది వానకాలంల గదా? వానకాలం ఈడికెల్లి దవాఖానకు దారుండది. నా బిడ్డ చావు దాకా పోయొచ్చింది."

ఇంకేమీ దాచలేదు. యుగేందర్ బూతులు తిడుతూ బండి స్టార్టు చేసుకుని పోయాడు. సోమనర్సయ్య జేబులోంచి చెయ్యి తీసి దేవ్‌సింగ్ భుజం మీద వేశాడు. తలుపు దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం లాలి పని నుంచి వచ్చి గడప మీదే కూలబడింది. "కుదిరిందా?" అని అడిగింది. దేవ్‌సింగ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చాలాసేపు తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చుంది.

"మంచిపనే చేసినవ్" అంది చివరికి.  "మరి మనమెట్ల బతకాలె?"

 లోపల అనిత లేచి నీళ్ళడిగింది. దేవ్‌సింగ్ గ్లాసు తీసుకుని వెళ్ళి, తాగించి, కింది కనురెప్ప కొద్దిగా లాగి చూశాడు. అప్పుడే తెల్లబడుతోంది. రక్తం ఎక్కించడానికి ఇంకా ఆరు రోజులున్నాయి.